నవాసా ఫాస్ఫేట్: సరుకు అయిపోయింది, తగాదా మిగిలింది

గని తవ్వుకునే హక్కును ఒక ప్రభుత్వం రాసి ఇచ్చింది. గని ఉన్న నేల తనదేనని మరో ప్రభుత్వం అన్నది. ఇటువంటి చోట పుట్టిన సరుకు ఎవరిది? పెట్టుబడి పెట్టిన కంపెనీకి, కొన్న వర్తకునికి, ఓడ నడిపినవానికి రక్షణ ఏది? ఖనిజ వ్యాపారంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. 19వ శతాబ్దంలో కరేబియన్ సముద్రంలోని ఒక చిన్న దీవి దీనికి పెద్ద ఉదాహరణగా నిలిచింది. ఆ దీవి పేరు నవాసా. విస్తీర్ణం సుమారు 5 చదరపు కిలోమీటర్లు. హైతీ పశ్చిమ కొసకు ఎదురుగా, హైతీ, జమైకాల నడుమ ఉంది. చుట్టూ నిట్టనిలువు సున్నపురాతి గట్లు, రేవు లేదు, తాగే నీటి ఊట లేదు. అయినా దానికోసం రెండు దేశాలు వాదులాడుకున్నాయి, ఒక కంపెనీ పుట్టి గిట్టింది, అయిదుగురు హతులయ్యారు, ముగ్గురు ఉరికంబం దాకా వెళ్ళి వచ్చారు. దీనంతటికీ మూలం ఎరువు.

నేడు మన రైతులు "సూపర్" అనీ, డి.ఎ.పి. అనీ అడిగి కొనే ఎరువులకు మూలమైన రాక్ ఫాస్ఫేట్‌లో అధిక భాగం మన దేశానికి ఓడలమీదే వస్తున్నది. విశాఖపట్నం, కాకినాడలలోని కాంప్లెక్స్ ఎరువుల కర్మాగారాలకు కూడా విదేశాల ముడిసరుకే ఆధారం. కాబట్టి ఫాస్ఫేట్ నేల మీద హక్కుల తగాదా ఎలా పుడుతుందో, ఎలా ముదురుతుందో తెలుసుకోవడం ఈ సరుకు వర్తకులకు అవసరమే.

పెరూ గుత్తాధిపత్యం

1840 ప్రాంతంలో ఐరోపా, అమెరికా రైతులకు కొత్త ఎరువు ఒకటి పరిచయమైంది. దాని పేరు గ్వానో. దక్షిణ అమెరికాలోని పెరూ తీరాన ఉన్న చించా దీవులలో సముద్రపక్షుల రెట్ట వేల ఏళ్ళుగా గుట్టలు పడి ఉన్నది. అక్కడ వర్షం దాదాపు లేదు. అందువల్ల రెట్టలోని నత్రజని కొట్టుకుపోకుండా నిలిచింది. నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఈ ఎరువు చల్లితే నిస్సారమైన పొలాలు తిరిగి పండాయి. పొగాకు, పత్తి వేసి వేసి సారం పోయిన అమెరికా తూర్పు, దక్షిణ రాష్ట్రాల రైతులు దీనికోసం ఎగబడ్డారు.

అయితే అమ్మేవాడు ఒక్కడే. గ్వానో యావత్తూ పెరూ ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వం నేరుగా అమ్మక, ఏజెంటు సంస్థలకు కన్‌సైన్‌మెంటు మీద అప్పగించేది. 1842 నుంచి బ్రిటిష్ మార్కెట్లో లండన్‌లోని ఆంటొనీ గిబ్స్ సంస్థ చేతిమీదుగా సరుకు నడిచింది. ఏజెంటు ముందుగా ప్రభుత్వానికి అడ్వాన్సు ఇచ్చి, అమ్మకం జరిగాక కమీషను, వడ్డీ, రవాణా ఖర్చులు మినహాయించుకునేవాడు. అప్పుల్లో ఉన్న ప్రభుత్వానికి ధర దించే ఉద్దేశం లేదు. ధరతోపాటు కమీషను పెరిగే ఏజెంటుకూ లేదు. అమెరికా రేవుల్లో పెరూ గ్వానో టన్ను సుమారు 50 డాలర్లు పలికింది.

ధర మీద రైతుల అసంతృప్తి రాజకీయ సమస్య అయింది. 1850 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు మిల్లార్డ్ ఫిల్‌మోర్ కాంగ్రెసుకు పంపిన వార్షిక సందేశంలోనే గ్వానో ప్రస్తావన తెచ్చాడు. ఈ సరుకు సరసమైన ధరకు దొరికేలా చూడటం ప్రభుత్వ బాధ్యత అన్నాడు. 1852లో కొందరు అమెరికన్ ఓడ యజమానులు పెరూ సమీపంలోని లోబోస్ దీవుల నుంచి అనుమతి లేకుండా గ్వానో తెచ్చుకోవచ్చునని వాదించారు. విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ మొదట వారిని సమర్థించాడు. పెరూ గట్టిగా అభ్యంతరం చెప్పగా, ఆ ఏడాది చివరకు అమెరికా వెనక్కు తగ్గి పెరూ హక్కును ఒప్పుకున్నది. ఈలోగా ఓడలు బాడుగకు మాట్లాడుకున్నవారు నష్టపోయారు. యజమాని ఉన్న దీవి జోలికి పోవడం లాభం లేదని తేలింది. యజమాని లేని దీవులు వెతకాలనే ఆలోచన అప్పుడు బలపడింది.

1856 చట్టం

1856 ఆగస్టు 18న అమెరికా "గ్వానో దీవుల చట్టం" చేసింది. ఏ అమెరికన్ పౌరుడైనా ఏ దీవిలో, రాతిగుట్టలో, దిబ్బలో గ్వానో నిక్షేపం కనుగొంటే దానిని స్వాధీనం చేసుకోవచ్చు. షరతులు రెండు: ఆ దీవి మరో ప్రభుత్వపు చట్టబద్ధమైన అధికారం కింద ఉండకూడదు; మరో దేశపు పౌరులు దానిని ఆక్రమించి ఉండకూడదు. అధ్యక్షుడు తన విచక్షణ మేరకు దానిని అమెరికాకు చెందినదిగా పరిగణించవచ్చు. దానిని కాపాడటానికి సైన్యాన్ని, నౌకాదళాన్ని వినియోగించవచ్చు.

చట్టంలోని వ్యాపార నిబంధనలు వర్తకులకు ఆసక్తికరం. కనుగొన్నవానికి తవ్వకంపై ఏకైక హక్కు లభిస్తుంది. కానీ సరుకును అమెరికా పౌరులకే, అమెరికాలో వాడకానికే అమ్మాలి. మేలురకానికి ఓడ పక్కకు చేర్చి ఇస్తే టన్ను 8 డాలర్లు, నిక్షేపం ఉన్నచోటే ఇస్తే టన్ను 4 డాలర్లు మించకూడదు. ఈ షరతులు పాటిస్తానని హక్కుదారు ప్రభుత్వానికి పూచీ రాసి ఇవ్వాలి. దీవిలో జరిగిన నేరాలను అమెరికా వాణిజ్య నౌకలో నడిసముద్రంపై జరిగిన నేరాలుగా భావిస్తారు. అన్నిటికన్న ముఖ్యమైన నిబంధన చివరిది. గ్వానో అయిపోయిన తరువాత దీవిని అట్టిపెట్టుకోవలసిన బాధ్యత అమెరికాకు లేదు.

అంటే ఇది దేశాన్ని విస్తరించుకునే చట్టంగా పైకి కనబడదు. సరుకు ఉన్నంతవరకు జెండా, సరుకు అయిపోతే సెలవు అన్న ఏర్పాటు. ఈ చట్టం కింద తరువాతి దశాబ్దాలలో పసిఫిక్, కరేబియన్ సముద్రాలలో దాదాపు వంద దీవులపై దరఖాస్తులు పడ్డాయి.

డంకన్ దరఖాస్తు, హైతీ అభ్యంతరం

1857లో పీటర్ డంకన్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్ నవాసా దీవిలో దిగి దానిని స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించాడు. దరఖాస్తు విదేశాంగ శాఖకు చేరింది. దీవిలో పది లక్షల టన్నుల సరుకు ఉండవచ్చునని హక్కుదారుల అంచనా. డంకన్ తన హక్కును బాల్టిమోర్ వర్తకుడు ఎడ్వర్డ్ కూపర్‌కు బదలాయించాడు. కూపర్ మనుషులను పంపి తవ్వకం మొదలుపెట్టాడు.

అయితే నవాసా ఎవరికీ తెలియని దీవి కాదు. జమైకాలో చిక్కుకున్న కొలంబస్ మనుషులు తెప్పల్లాంటి చిన్న పడవల మీద హిస్పానియోలా దీవికి పోతూ అక్కడ ఆగారు. హిస్పానియోలా పశ్చిమ భాగం 1697 ఒడంబడికతో స్పెయిన్ నుంచి ఫ్రాన్సుకు దక్కింది. ఆ భాగమే 1804లో హైతీ పేరుతో స్వతంత్రమైంది. ఫ్రెంచివారి నేలతోపాటు దాన్ని ఆనుకొని ఉన్న దీవులు కూడా తమకు సంక్రమించాయన్నది హైతీ వాదం. నీటిచుక్క లేని దీవిలో కాపురం ఉండకపోయినంత మాత్రాన హక్కు పోదన్నది.

1858లో హైతీ చక్రవర్తి ఫౌస్టిన్ సులూక్ రెండు యుద్ధనౌకలను నవాసాకు పంపి తవ్వకం ఆపమన్నాడు. కూపర్ మనుషులు వినలేదు. కూపర్ వాషింగ్టన్‌కు మొర పెట్టుకున్నాడు. అమెరికా నౌకాదళాన్ని కదిలించింది. 1859 డిసెంబరు 8న విదేశాంగ మంత్రి లూయిస్ కాస్ కూపర్ హక్కును ధ్రువీకరిస్తూ పత్రం జారీ చేశాడు. హైతీ ఎన్నడూ ఆ దీవిని ఉపయోగించుకోలేదనీ, పాలించలేదనీ అమెరికా వాదించింది. అప్పటికి హైతీని స్వతంత్ర దేశంగా అమెరికా గుర్తించనైనా లేదు. ఆ గుర్తింపు 1862లో గాని రాలేదు. బానిసలు తిరగబడి స్థాపించుకున్న దేశంతో రాయబార సంబంధాలు పెట్టుకోవడానికి అమెరికా దక్షిణ రాష్ట్రాలు ఇష్టపడకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. గుర్తింపు లేని దేశం చెప్పే హక్కు వినేదెవరు? 1872లో హైతీ రాయబారి మళ్ళీ వాదన వినిపించినా విదేశాంగ మంత్రి హామిల్టన్ ఫిష్ తిరస్కరించాడు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. "మరో ప్రభుత్వపు అధికారంలో లేని దీవి" అనే షరతు చట్టంలో ఉన్నది. కానీ ఆ షరతు తీరిందో లేదో తేల్చే అధికారం కూడా అమెరికాకే ఉన్నది. దరఖాస్తుదారు అమెరికన్, తీర్పరి అమెరికా. వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా ఒకటే.

సరుకు నాణ్యత

నవాసా సరుకు పెరూ సరుకు వంటిది కాదు. కరేబియన్ ప్రాంతంలో వర్షాలు ఉన్నాయి. నీటికి నత్రజని లవణాలు కరిగి పోగా, సున్నంతో కలిసిన భాస్వరం మాత్రం సున్నపురాతి గోతుల్లో, నెరియల్లో గడ్డకట్టి నిలిచింది. దీనిని అలాగే పొలంలో చల్లితే పైరుకు త్వరగా అందదు. గంధకికామ్లంతో శుద్ధి చేసి సూపర్ ఫాస్ఫేట్‌గా మార్చాలి. ఈ పద్ధతికి ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాస్ 1842లో పేటెంటు పొందాడు. కాబట్టి నవాసా సరుకు నేరుగా రైతు చేతికి పోయేది కాదు, కర్మాగారాల ముడిసరుకు. అందుకే టన్నుకు 8 డాలర్ల పరిమితికీ పెరూ గ్వానో 50 డాలర్ల ధరకూ పోలిక పెట్టడం సరికాదు. రెండూ గ్వానో పేరుతోనే చలామణి అయినా సరుకులు వేరు.

బాల్టిమోర్ రేవు అప్పటికే ఎరువుల వ్యాపారానికి కేంద్రం. ఆమ్లం, కర్మాగారాలు, రైలు మార్గాలు, దక్షిణాది పత్తి రైతులతో అరువు లావాదేవీలు అన్నీ అక్కడ ఉన్నాయి. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిశాక దక్షిణాదిలో పత్తి సాగు తిరిగి పుంజుకున్నది, ఎరువులకు గిరాకీ పెరిగింది. కూపర్ హక్కులు చేతులు మారి నవాసా ఫాస్ఫేట్ కంపెనీకి దక్కాయి. 1869లో ఉత్తర కరొలినా రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో నవాసా గ్వానో కంపెనీ వెలిసింది. ఆ కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరిని నేటికీ నవాసా అనే పిలుస్తారు. అమెరికాలోనే వాడాలన్న నిబంధనను 1872 జూలై నుంచి అయిదేళ్ళపాటు నిలిపివేయడంతో హక్కుదారులకు విదేశీ మార్కెట్లు కూడా తెరుచుకున్నాయి.

తవ్వకం ఖర్చు ఎవరి నెత్తిన

హక్కు పత్రం ఉన్నంత మాత్రాన సరుకు ఓడ ఎక్కదు. నవాసాలో ఓడ ఆగే రేవు లేదు. లూలూ బే అనే చిన్న మలుపు ఒక్కటే ఆధారం. ఓడ ఎడంగా సముద్రంలో నిలవాలి. కూలీలు పలుగులతో గోతుల్లోని ఫాస్ఫేట్ పెళ్ళగించి, బండ్లలోకి ఎత్తి, పట్టాల మీద చేతులతో తోసుకుంటూ గట్టు దాకా తెచ్చేవారు. అక్కడనుంచి పడవల్లోకి దించి ఓడకు చేర్చేవారు. సముద్రం పోటెత్తితే ఓడ ఖాళీగా వేచి ఉండాల్సిందే. డెమరేజీ ఖర్చు ఎంతటిదో రేవు వర్తకులకు చెప్పనక్కరలేదు. నీరు వర్షంనుంచి పట్టి నిలవచేయాలి. తిండి, పనిముట్లు, బొగ్గు అన్నీ ఓడమీదే రావాలి.

ధరకు చట్టం పరిమితి పెట్టింది, రవాణా ఖర్చు కంపెనీ చేతిలో లేదు. తగ్గించడానికి వీలైన పద్దు ఒక్కటే మిగిలింది. అది కూలి. కంపెనీ బాల్టిమోర్‌లో నల్లజాతి కూలీలను 15 నెలల ఒప్పందం మీద చేర్చుకునేది. కూలి నెలకు సుమారు 8 డాలర్లు. అంటే మనిషి నెల కష్టం చట్టం ప్రకారం మేలురకం సరుకు ఒక టన్ను ధరకు సమానం. బట్టలు, చెప్పులు, అదనపు తిండి కంపెనీ దుకాణంలోనే, కంపెనీ చెప్పిన ధరకే కొనాలి. ఆ బాకీ కూలిలో కోత పడేది. జబ్బుపడిన రోజులకు కోత. ఎదురు చెప్పినవారిని కొయ్యబొండలో బిగించడం, చేతులు కట్టి వేలాడదీయడం వంటి శిక్షలు ఉండేవి. ఒప్పందం ముగియకుండా వెళ్ళిపోదామంటే ఓడ కంపెనీది. ఫిర్యాదు చేద్దామంటే దీవిలో మేజిస్ట్రేటు లేడు, పోలీసు లేడు, ఏ ప్రభుత్వపు అధికారీ లేడు. దీవి మీద హక్కు చాటిన అమెరికా ఆ దీవిలో ఒక్క ఉద్యోగిని కూడా ఉంచలేదు.

1889 తిరుగుబాటు

1889లో దీవిలో దాదాపు 140 మంది నల్లజాతి కూలీలు, వారిపై 11 మంది తెల్ల పర్యవేక్షకులు ఉన్నారు. సెప్టెంబరు 14న ఒక పర్యవేక్షకునికీ కూలీలకూ మధ్య జరిగిన ఘర్షణ దీవి అంతటా పాకింది. పలుగులు, గొడ్డళ్ళు, రాళ్ళు ఒక పక్క, తుపాకులు మరో పక్క. పోరు ముగిసేసరికి అయిదుగురు పర్యవేక్షకులు హతులయ్యారు. కూలీలను ఓడల్లో బాల్టిమోర్‌కు తరలించి విచారణ జరిపారు. హెన్రీ జోన్స్, జార్జి కీ, ఎడ్వర్డ్ స్మిత్ అనే ముగ్గురికి ఉరిశిక్ష పడింది. ఇంకా పలువురికి జైలు శిక్షలు పడ్డాయి.

బాల్టిమోర్ నల్లజాతివారి పరస్పర సహాయ సంఘమైన గెలీలియన్ ఫిషర్మెన్ చందాలు పోగుచేసి అప్పీలుకు పూనుకున్నది. వారి తరపున ఎవరెట్ వారింగ్ వంటి న్యాయవాదులు సుప్రీంకోర్టులో వాదించారు. ఆ కోర్టులో వాదించిన తొలి నల్లజాతి న్యాయవాదుల్లో వారింగ్ ఒకడు. వారి వాదన సూటిగా ఉన్నది. గ్వానో చట్టం రాజ్యాంగ విరుద్ధం. నవాసా అమెరికా నేల కాదు. కాబట్టి అక్కడ జరిగిన నేరాన్ని విచారించే అధికారం అమెరికా కోర్టుకు లేదు.

ఈ విధంగా రెండు దేశాల నడుమ ముప్పయి ఏళ్ళుగా నలుగుతున్న హక్కు ప్రశ్న, ముగ్గురు కూలీల ప్రాణాలకు ముడిపడి కోర్టు మెట్లు ఎక్కింది. హైతీ ఆ కేసులో కక్షిదారు కాదు.

కోర్టు ఏమన్నది

1890 నవంబరు 24న న్యాయమూర్తి హోరేస్ గ్రే తీర్పు వెలువరించాడు. ఒక నేలపై సార్వభౌమాధికారం ఎవరిదన్నది రాజకీయ ప్రశ్న అనీ, దానిని ప్రభుత్వం తేల్చితే కోర్టులు కట్టుబడి ఉండాలనీ తీర్పు సారాంశం. ప్రభుత్వం నవాసాను అమెరికాకు చెందినదిగా పరిగణించింది కనుక చట్టం చెల్లుతుంది, విచారణ చెల్లుతుంది, శిక్షలూ చెల్లుతాయి. హైతీ వాదనలో నిజం ఎంత అన్న విచారణలోకి కోర్టు పోలేదు. కూలీలు ఓడిపోయారు. ఆ ఓటమితోనే నవాసాపై అమెరికా పట్టుకు సుప్రీంకోర్టు ముద్ర పడింది.

కానీ కథ అక్కడితో ఆగలేదు. దీవిలోని పరిస్థితులపై అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ విచారణ జరిపించాడు. 1891లో ఆ ముగ్గురి ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చాడు. అమెరికా నేల మీద, అమెరికా పౌరులు, ఏ కోర్టుకూ ఏ అధికారికీ చెప్పుకునే దారి లేకుండా పనిచేయవలసి వచ్చిందన్నది ఆయన అభిప్రాయం. అదే ఏడాది కాంగ్రెసుకు పంపిన సందేశంలోనూ ఈ సంగతి ప్రస్తావించాడు. హక్కు తీసుకున్న ప్రభుత్వం బాధ్యత తీసుకోలేదని ఒక అధ్యక్షుడే ఒప్పుకున్నట్టయింది.

వితంతువు వాటా

వర్తకులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన తీర్పు మరొకటి ఉంది. 1891లో డంకన్ వితంతువు, భర్త ఆస్తిలో భార్యకు రావలసిన వాటా నవాసాలో తనకు ఉందని కంపెనీపై వేసిన దావాను సుప్రీంకోర్టు తేల్చింది. దీవిని కనుగొన్నవానికి భూమిపై యాజమాన్యం రాదు, సరుకు తవ్వి అమ్ముకునే లైసెన్సు మాత్రమే వస్తుంది, లైసెన్సు నుంచి భార్యకు భూమి వాటా పుట్టదని కోర్టు అన్నది.

అప్పటికి కంపెనీ గెలిచింది. కానీ ఆ గెలుపు రెండంచుల కత్తి. డంకన్‌కు భూమి లేదంటే, డంకన్ నుంచి హక్కు పొందిన కూపర్‌కూ లేదు, కూపర్ వెనుక వచ్చిన కంపెనీకీ లేదు. దశాబ్దాలపాటు పెట్టుబడి పెట్టి పట్టాలు వేసి, ఇళ్ళు కట్టిన కంపెనీ చేతిలో ఉన్నది ప్రభుత్వం దయతలచినంత కాలం సాగే అనుమతి పత్రం మాత్రమే. ఆస్తిగా కనిపించేది ఆస్తి కాదు. తాకట్టుకు విలువ కట్టే బ్యాంకరుకు, వాటాలు కొనే మదుపుదారుకు ఈ తేడా చాలా ముఖ్యమైనది.

పోటీ సరుకు, కంపెనీ మూత

హక్కు నిలబడింది గాని మార్కెట్ నిలబడలేదు. 1867లోనే దక్షిణ కరొలినాలోని చార్లెస్టన్ సమీపంలో ఫాస్ఫేట్ రాతి తవ్వకం మొదలైంది. 1880ల చివర ఫ్లోరిడా నిక్షేపాలు బయటపడ్డాయి. ఇవి అమెరికా గడ్డ మీదే ఉన్నవి. ఓడ ప్రయాణం లేదు, పడవల్లోకి దించే బాధ లేదు, హైతీతో తగాదా లేదు. కర్మాగారానికి చేరే ధర తక్కువ పడింది. నవాసాలో తేలికగా దొరికే సరుకు అప్పటికే తవ్వేశారు, మిగిలినదానికి శ్రమ ఎక్కువ. పైగా తిరుగుబాటు వార్తలతో కంపెనీ పేరు చెడింది.

1898లో అమెరికా, స్పెయిన్‌ల మధ్య యుద్ధం రావడం గోరుచుట్టు మీద రోకటి పోటు అయింది. యుద్ధరంగమైన క్యూబాకు నవాసా దగ్గర. దీవిని ఖాళీ చేయించారు. కంపెనీ దివాలా తీసింది. 1901 నాటికి తవ్వకం పూర్తిగా ఆగింది. చించా దీవుల పెరూ కూడా అప్పటికి కోలుకోలేని దెబ్బ తిన్నది. 1879లో మొదలైన యుద్ధంలో అటకామా ఎడారి నైట్రేటు ప్రాంతాలు చిలీ వశమయ్యాయి. ఆ యుద్ధానికి నిప్పు రాజేసింది క్వింటాలు నైట్రేటుపై బొలీవియా విధించిన 10 సెంటావోల పన్ను కావడం గమనార్హం.

తగాదా నేటికీ

సరుకు పోయినా దీవిని అమెరికా వదలలేదు. పనామా కాలువ తెరుచుకోవడంతో ఓడల రాకపోకలు నవాసా పక్కనుంచి సాగాయి. 1916లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దీవిని దీపస్తంభం కోసం కేటాయించాడు. 1917లో స్తంభం వెలిగింది. 1996లో తీరరక్షక దళం దానిని ఆర్పివేసింది. అప్పుడొక విచిత్రం జరిగింది. కాలిఫోర్నియాకు చెందిన ఒక వ్యక్తి డంకన్ వారసులనుంచి హక్కులు కొన్నానంటూ, 1856 చట్టం కిందనే దీవిని కోరాడు. 2000లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు దానిని తోసిపుచ్చింది. 1891లో చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది: ఆ హక్కు గ్వానో తవ్వుకోవడానికి మాత్రమే, అదైనా ప్రభుత్వం రద్దు చేయదగినదే. 1999లో నవాసా వన్యప్రాణి రక్షిత ప్రాంతంగా మారింది. హైతీ తన వాదాన్ని వదులుకోలేదు. 1987 హైతీ రాజ్యాంగంలో ఆ దేశపు దీవుల జాబితాలో నవాసా పేరు స్పష్టంగా ఉన్నది.

సరుకు వెనుక నేల

ఇదంతా పాత ముచ్చట అనుకోవడానికి లేదు. 2017 మేలో పశ్చిమ సహారా నుంచి న్యూజిలాండ్‌కు దాదాపు 50 వేల టన్నుల ఫాస్ఫేట్ తీసుకుపోతున్న చెర్రీ బ్లాసమ్ అనే ఓడను దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో కోర్టు ఉత్తర్వుతో ఆపివేశారు. 1975లో స్పెయిన్ వైదొలగుతున్నప్పటి నుంచి ఆ ప్రాంతంపై మొరాకోకూ స్థానిక పోలిసారియో ఉద్యమానికీ తగాదా ఉన్నది. సరుకు తమ ప్రజలదని పోలిసారియో పక్షం వేసిన దావాలో 2018 ఫిబ్రవరిలో కోర్టు వారి వైపే మొగ్గింది. సరుకును వేలానికి పెడితే కొనేవారు రాలేదు. ఏడాది గడిచాక గాని ఓడ కదలలేదు.

నవాసా నాడు అమెరికా కోర్టులు తమ ప్రభుత్వం మాటనే పట్టుకున్నాయి. 2018లో సరుకు పోతున్న దారిలోని మూడో దేశపు కోర్టు అడ్డుకున్నది. వర్తకుని దృష్టిలో ఇది పెద్ద మార్పు. ఎగుమతి దేశం ఇచ్చిన కాగితం ఎగుమతి రేవులో చెల్లినంత మాత్రాన దారిలోని రేవుల్లోనూ చెల్లుతుందనే హామీ లేదు. విదేశీ ఫాస్ఫేట్ బేరం కుదుర్చుకునేటప్పుడు భాస్వరం శాతం, తేమ, ఓడ బాడుగ చూడటం మామూలే. సరుకు ఏ గనిది, ఆ గని నేలపై తగాదా ఉన్నదా, ఓడ ఏయే రేవుల్లో ఆగుతుంది, సరుకు పట్టుబడితే నష్టం అమ్మినవానిదా కొన్నవానిదా అన్న నాలుగు సంగతులు కూడా ఒప్పందంలోనే తేల్చుకోవాలి. గనిలో పనిచేసేవారి స్థితిగతులు వాకబు చేయడం కూడా వ్యాపారంలో భాగమే. నవాసా కంపెనీ కూలి పద్దులో మిగుల్చుకున్న డబ్బు, 1889లో ఒక్కరోజు పోయినదానికి సాటి రాలేదు.